మాత్ర తప్పిన మాత్రలు



ఈ ఉదయకాలమున నా ప్రసంగమును వినుచున్న మీలో కొందరు ఈపాటికే నిద్ర లేచి, ముఖము కడుగుకొని, దేవుని గూటి ప్రక్కన పదిలపరచుకొన్న సీసానుండి ఒక చిన్న తెల్లని మాత్రను తీసి, పరగడుపున గ్రుక్కెడు నీటితో మ్రింగి, వంటయింటినుండి వచ్చు కాఫీ పరిమళమునకు మనసు లాగుచున్నను గడియారపు ముల్లువంక చూచుచు కూర్చుండి యుందురని నేను ఊహింపగలను. ఆ మాత్రకును కాఫీకిని నడుమ అరగంటయో గంటయో యెడము ఉండవలెనని మీ వైద్యుడు చెప్పి యుండును. నేడు నేను ముచ్చటింపదలచినది ఆ చిన్న మాత్రను గూర్చి కాదు. దాని సరసను, అదే గూటిలో, ఈ మధ్యకాలమున వచ్చి చేరిన పెద్ద పెద్ద రంగు సీసాలను గూర్చి.

ఆ సీసాలలో నుండునవి నానావిధములు. వెండ్రుకలు రాలకుండుటకు బయోటిను, ఎముకల బలమునకు కాల్షియము, రక్తవృద్ధికి ఇనుము, నిద్రకును నెమ్మదికిని అశ్వగంధ, అమెరికానుండి సెలవులకు వచ్చిన కుమారుడు తెచ్చి యిచ్చిన సముద్రపు నాచు బిళ్ళలు, ఇట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రయోజనము పేరు చెప్పుకొని గూటిలో చోటు సంపాదించుకొన్నవి. వీనిలో దేనిని చూపి ఇది యేమి మందని యడిగినను ఇంటివారు చెప్పు సమాధానము ఒక్కటే: "మందు కాదండీ, నేచురల్." ఆ మాటను వారు ఎంత నిశ్చింతగా చెప్పుదురో, అది విన్నప్పుడు నాబోటి వైద్యుని మనసు అంత చింతాక్రాంతమగును. కారణము చెప్పుటకే ఈ ప్రసంగము.

మన భాషలో మాత్ర యను పదము విచిత్రమైనది. వైద్యుడిచ్చు గుళికయు మాత్రయే, కొలతయు మాత్రయే. ఛందస్సు చదువుకొన్నవారికి లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలని చెప్పనక్కరలేదు. పద్యములో ఒక్క మాత్ర ఎక్కువైనను తక్కువైనను చెవికి ముల్లువలె గ్రుచ్చుకొనును. చరకసంహితలో సూత్రస్థానమున అయిదవ అధ్యాయమునకు మాత్రాశితీయమని పేరు. ఆహారమునకు సైతము కొలత వలయునని చెప్పుటతోనే ఆ అధ్యాయము మొదలగును. గుళికకు కొలత పేరే పెట్టుకొన్న జాతి మనది. అట్టి మనమే నేడు సీసామీద ప్రకృతిసిద్ధమను ముద్ర కనబడగానే కొలతను మరచిపోవుచున్నాము. ఒక వస్తువు ఎక్కడనుండి వచ్చినదో ఆ ముద్ర చెప్పునేమో గాని, అది ఎంత యున్నదో చెప్పదు. మన దేహములో ఎంత అను ప్రశ్నకు తప్ప మరి దేనికిని బదులు పలుకని అవయవమొకటి యున్నది, అదియే థైరాయిడు.

కంఠమున, శ్వాసనాళమునకు ముందువైపున, రెక్కలు చాచి వ్రాలిన సీతాకోకచిలుక యాకారమున ఈ గ్రంథి యుండును. శాస్త్రపాఠములలో దీనిని అవటుగ్రంథి యందురు. తూకమున 20 గ్రాములకు అటునిటు. దీని పని అయోడినును రక్తమునుండి ఏరి తీసి, థైరాక్సిను మొదలగు హార్మోనులుగా కూర్చి, మరల రక్తములోనికి వదలుట. ఆ హార్మోను తగ్గినచో గుండె నెమ్మదించును, ఒళ్ళు బరువెక్కును, చలి యోర్వలేకపోదుము, మనసు మందగించును. మితిమీరినచో గుండె దడదడలాడును, చేతులు వణకును, ఎంత తిన్నను మనిషి చిక్కిపోవును.

ఈ యెచ్చుతగ్గులను కనిపెట్టుటకు మెదడు క్రింద పీయూషగ్రంథి కావలి యుండును. గోదావరి కాలువల లాకుల కడ లస్కరును చూచినవారికి దాని పని తీరు సులభముగా బోధపడును. లస్కరు కాలువలోని కొలబద్దను చూచుచు, నీరు తగ్గినచో తలుపు ఎత్తును, హెచ్చినచో దించును. పీయూషగ్రంథియు అట్లే, రక్తములో థైరాక్సిను తగ్గినపుడు టి.ఎస్.హెచ్. అను ప్రేరకమును ఎక్కువగా పంపి థైరాయిడును పనికి పురికొల్పును; థైరాక్సిను హెచ్చినపుడు ఆ ప్రేరకమును తగ్గించి వేయును. కనుకనే రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. ఎక్కువగా నున్నచో గ్రంథి మందగించినదనియు, తక్కువగా నున్నచో గ్రంథి విజృంభించినదనియు వైద్యులు సాధారణముగా గ్రహింతురు.

ఇంతటి యంత్రాంగమునకు కావలసిన ముడిసరుకు ఎంత? పెద్దవారికి దినమునకు 150 మైక్రోగ్రాముల అయోడిను. గర్భవతులకు మరికొంత అధికము. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. ఈ లెక్కన డెబ్బది సంవత్సరముల జీవితమంతటికిని పట్టు అయోడిను నాలుగు గ్రాములు కూడ కాదు. ఒక చిన్న చెంచాలో ఇమిడిపోవును. మీరు ఉదయమున వేసికొను థైరాక్సిను మాత్రయు అట్టిదే. 50 మైక్రోగ్రాముల మాత్ర అనగా ఒక గ్రామును ఇరువదివేల భాగములు చేయగా అందులో ఒక్క భాగము. దానిని 50నుండి 75కు పెంచవలెనన్నను వైద్యుడు ఆరు వారములు వేచి, రక్తము పరీక్షింపజేసి, ఆ తరువాతనే నిర్ణయించును. ఇంత సూక్ష్మమైన తూనికలో, మనము తెలియక, పిడికెళ్ళతో బరువులు పడవేయుచున్నాము.

అయోడిను చరిత్రయే మనకు తొలి పాఠము. 1811లో పారిస్ నగరమున బెర్నార్ కూర్త్వా అను నాతడు తుపాకిమందునకు కావలసిన సురేకారము తయారుచేయు పరిశ్రమలో నుండి, సముద్రపు నాచును కాల్చిన బూడిదపై గంధకికామ్లమును మోతాదు మించి పోయగా, ఊదారంగు ఆవిరి మేఘమువలె లేచి చల్లని పాత్రల మీద నల్లని స్ఫటికములుగా పేరుకొన్నది. అదియే అయోడిను, గ్రీకు భాషలో ఊదారంగును దెలుపు పదమునుండి దానికాపేరు వచ్చినది. తొమ్మిది సంవత్సరములకు, అనగా 1820లో, జెనీవా నగర వైద్యుడగు జాఁ ఫ్రాంస్వా క్వాందే గలగండరోగులకు దానిని ఔషధముగా నిచ్చి, ఏండ్ల తరబడి కంఠమున వ్రేలాడుచున్న గడ్డలు కరగుటను చూచి ప్రకటించెను. నగరమంతయు ఆ మందుకొరకు ఎగబడినది. కాని అచిరకాలములోనే, మందు పుచ్చుకొన్నవారిలో కొందరు గుండెదడతోను, వణకుతోను, కారణము లేని కృశత్వముతోను బాధపడుట క్వాందేయే గమనించి హెచ్చరింపవలసి వచ్చెను. గడ్డను కరగించిన వస్తువే గుండెను పరుగులెత్తించినది. వస్తువు మారలేదు, మాత్ర మారినది. రెండువందల యేండ్లనాటి యీ పాఠమును మనము ప్రతి తరములోను క్రొత్తగా నేర్చుకొనుచున్నాము.

రెండవ పాఠము మన తెలుగువాడు నేర్పినది. శ్రీకాకుళములో 1921లో జన్మించి, విశాఖపట్టణమున ఆంధ్ర వైద్యకళాశాలలో చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి, 1956లో హిమాలయ సానువులలోని కాంగ్డా లోయయందు తన సహచరులతో గొప్ప ప్రయోగమొకటి ఆరంభించెను. అక్కడి జనులలో మూడింట ఒక వంతునకు పైగా గలగండము. ఆయన లోయను మూడు భాగములు చేసి, రెండింటిలో అయోడిను కలిపిన ఉప్పును, మూడవదానిలో సాదా ఉప్పును పంపిణీ చేయించెను. ఆరేండ్లకు చూడగా, అయోడిను ఉప్పు తిన్న ప్రాంతములలో వ్యాధి సగమునకు సగము తగ్గినది. సాదా ఉప్పు తిన్నచోట తగ్గనే లేదు. 1962లో దేశమున ఆరంభమైన గలగండ నివారణ కార్యక్రమమునకు ఆ ప్రయోగము ఆధారమైనది.

ఆయన ఆ లోయప్రజలకు బిళ్ళల సీసాలు పంచలేదు. ప్రతివాడును ప్రతిదినమును కొలత తెలియకుండనే కొలతగా తిను ఉప్పునే ఎన్నుకొనెను. చేటెడు ఉప్పు ఎవడును తినజాలడు గనుక ఉప్పే తనకు తాను కొలపాత్ర. నేటి నిబంధనల ప్రకారము ఉప్పు మన యింటికి చేరునప్పటికి కిలోకు 15 మిల్లీగ్రాములకు తక్కువ గాకుండ అయోడిను ఉండవలెను. లెక్క కట్టి చూడుడు: పది గ్రాముల ఉప్పులో 150 మైక్రోగ్రాములు. గ్రంథి కోరు మాత్రకును వంటయింటి చిటికెడునకును ఇంత చక్కని పొత్తు కుదుర్చుటలో నున్న వివేకమును తలచినపుడు నాకు చేతులు జోడింపవలెననిపించును.

ఇప్పుడు కొందరు చదువుకొన్నవారి యిండ్లలో ఈ ఉప్పును తొలగించి, ప్రకృతిసిద్ధమని గులాబిరంగు సైంధవలవణమును, కల్లుప్పును వాడుట యొక మోజుగా ప్రబలినది. సైంధవము ఉపవాసమునకు పనికివచ్చును. దానిని నేను నిందింపను. కాని అయోడిను కలుపని రాతియుప్పులోను, సముద్రపుటుప్పులోను గ్రంథికి చాలినంత అయోడిను ఉండదు. సముద్రమునుండి వచ్చినది గనుక ఉండునను వాదము పొరపాటు. ఎండలో నీరు ఇంకునప్పుడే అందలి అయోడిను చాలవరకు పోవును. ఒకే యింటిలో తల్లి సైంధవము తినుచు అయోడిను లోపమునకును, తండ్రి సముద్రపు నాచు బిళ్ళలు మ్రింగుచు అయోడిను ఆధిక్యమునకును గురియగుట నేడు అసంభవము కాదు.

నాచు బిళ్ళల మాట వచ్చినది గనుక నాకెదురైన యొక సంగతి చెప్పుదును. డెబ్బది యేండ్ల విశ్రాంత ఉద్యోగి యొకరు నాయొద్దకు వచ్చిరి. పంచెకట్టు సడలకుండ రెండుమార్లు ముడివేసికొన్నారు. మూడు నెలలలో నడుము అంత సన్నగిల్లినది. మా యింటివారు కాఫీ ఇచ్చిరి. ఆయన కప్పు నెత్తగానే సాసరు గలగలలాడినది. సగము కాఫీ సాసరులోనే పడినది. నాడి చూడగా తాళము తప్పిన మృదంగమువలె గతి లేక కొట్టుకొనుచున్నది. కంఠమున చిన్ననాటినుండి రేగికాయలంత గడ్డలు రెండు మూడు ఉన్నవట. అవి ఎన్నడును బాధింపలేదు. ఏమైన క్రొత్తగా వాడుచున్నారా యని యడిగితిని. "లేదండీ. మా అబ్బాయి అట్లాంటా నుంచి ఏవో బిళ్ళలు తెచ్చాడు, అంతే. మన తోటకూరలాంటిదేనట, కాకపోతే సముద్రంలో పెరుగుతుందట," అనిరి.

ఆ తోటకూర సంగతి యిది. సముద్రపు నాచులలో అయోడిను జాతినిబట్టి, పెరిగిన చోటునుబట్టి, ఆరబెట్టిన తీరునుబట్టి అపారముగా మారును. ఒక్క గ్రాము ఎండు నాచులో 16 మైక్రోగ్రాములే యుండవచ్చును. 3,000 మైక్రోగ్రాములకు చేరువగాను ఉండవచ్చును. సీసాపై ఎన్ని మిల్లీగ్రాముల నాచు ఉన్నదో వ్రాసిరి గాని, అందులో అయోడిను ఎంతయో వ్రాయలేదు. ఆరోగ్యవంతమైన గ్రంథి ఈ వరదను కొంతవరకు తట్టుకొనగలదు. అయోడిను ముంచెత్తినప్పుడు గ్రంథి హార్మోను తయారీని తాత్కాలికముగా నిలిపివేయునని వుల్ఫ్, చైకాఫ్ అను శాస్త్రజ్ఞులు 1948లో ఎలుకలయందు చూపిరి. కొన్ని దినములలో గ్రంథి తేరుకొని మరల పని మొదలుపెట్టును. ఇదివరకే దెబ్బతిన్న గ్రంథి అట్లు తేరుకొనలేక మూతపడియే యుండి, మనిషి మందగించిపోవచ్చును. ఈ పెద్దమనిషి విషయములో జరిగినది దీనికి విపర్యయము. చిరకాలమునుండి కంఠమున నున్న ఆ గడ్డలు లస్కరు అదుపు తప్పినవి. ముడిసరుకు దొరకక అన్నాళ్ళు మిన్నకుండినవి. దొరకగానే ఎవరి ఆజ్ఞయు లేక హార్మోను పోతపోసినవి. క్వాందే జెనీవాలో చూచిన దృశ్యమే ఇది. బిళ్ళలు మానిపించి, గుండెకు మందిచ్చి, నెలల తరబడి కనిపెట్టియుండగా నాడి కుదుటబడినది. కుమారుని ప్రేమలో లోపము లేదు. ఆ ప్రేమకు కొలపాత్ర లేకపోయినది, అంతే.

బిళ్ళలే కానక్కరలేదు. ఆస్ట్రేలియాలో కొంబు అను నాచు కలిపిన సోయాపాలు త్రాగినవారికి థైరాయిడు వికారములు కలుగగా, 2009లో ఆ పాలను అంగళ్ళనుండి వెనుకకు తీసికొనవలసి వచ్చెను. ఆరోగ్యమునకు మంచిదని త్రాగు పాలే అవి.

ఇక రెండవ సంగతి. ఇది మరింత విచిత్రమైనది, ఏలయన ఇందులో రోగమే లేదు. ఒక ఉపాధ్యాయిని రక్తపరీక్ష కాగితములు చేతబట్టుకొని, తమ్మునితో కలిసి వచ్చినది. టి.ఎస్.హెచ్. అడుగంటినది, థైరాక్సిను చాల హెచ్చుగా నున్నది. ఆ కాగితమునే చూచినచో గ్రంథి విజృంభణ అని ఎవరైనను అందురు. మరియొకచోట అట్లే చెప్పి దానిని అణచు మందు మొదలుపెట్టుమని చీటి కూడ వ్రాసియిచ్చిరి. కాని ఆమె చేయి చాచగా వ్రేళ్ళు కదలలేదు. నాడి నిమిషమునకు 72. బరువు తగ్గలేదు, చెమట లేదు, నిద్రకు భంగము లేదు. కాగితము ఒకటి చెప్పుచున్నది, మనిషి మరియొకటి చెప్పుచున్నది. మందులేమి వాడుచున్నావమ్మా యని యడిగితిని. "ఏమీ లేదండీ," అన్నది. తమ్ముడు నవ్వి, "అక్కా, ఆ జుట్టు బిళ్ళలు?" అన్నాడు. "అవి మందులు కావుగదరా!" అని ఆమె సంచిలోనుండి సీసా తీసినది. ఒక్కొక్క బిళ్ళలో 10,000 మైక్రోగ్రాముల బయోటిను. దేహమునకు దినమునకు చాలునది 30 మైక్రోగ్రాములు. అనగా మూడువందల రెట్లకు పైగా.

ఆ బయోటిను ఆమె గ్రంథికి ఏ హానియు చేయలేదు, పరీక్షాయంత్రమునకు చేసినది. ఆ యంత్రములలో పెక్కింటియందు బయోటినుకును స్ట్రెప్టావిడిను అను పదార్థమునకును గల గాఢమైన మైత్రిని గాలమువలె వాడుకొందురు. యంత్రములోని కొక్కెములకు తగులుకొనవలసినది యంత్రమువారు అమర్చిన బయోటిను. రోగి రక్తములో వెల్లువగా నున్న బయోటిను ముందే వచ్చి ఆ కొక్కెములన్నిటిని ఆక్రమించుకొనినచో, పట్టువడవలసిన టి.ఎస్.హెచ్. కొట్టుకొనిపోయి, అంకె తక్కువగా పడును. థైరాక్సినును కొలుచు పరీక్ష కట్టుబాటు వేరగుటచే అందులో అంకె తలక్రిందుగా పెరుగును. రెండబద్ధములును ఒకదానికొకటి సాక్ష్యము పలికి నిజమువలె కనబడును. కాలువలో నీరు పెరుగలేదు, తరుగలేదు. కొలబద్ద మీది అంకెలు మారినవి. బిళ్ళ మాని, వారము దినములకు మరల పరీక్ష చేయించితిమి. అంతయు సవ్యముగా నున్నది. ఆమె ఆ గ్రంథిని అణచు మందు నిజముగానే వాడియున్నచో, లేని రోగమునకు చేసిన చికిత్స ఉన్న ఆరోగ్యమును చెరచి యుండెడిది. ఈ మోసము థైరాయిడుతో ఆగదు. గుండెపోటును పసికట్టు ట్రోపోనిను పరీక్షను సైతము బయోటిను తప్పుదారి పట్టించి యొకరి మరణమునకు కారణమైనట్లు వచ్చిన సమాచారమును పురస్కరించుకొని, అమెరికా ఆహారౌషధ పాలకశాఖ 2017లో వైద్యులకును ప్రజలకును హెచ్చరిక ప్రకటించెను. కావున థైరాయిడు పరీక్షకు పోవుటకు కనీసము రెండు దినములు ముందుగా, మోతాదు పెద్దదైనచో మరికొన్ని దినములు ముందుగా బయోటిను ఆపవలెను. వాడుచున్న సంగతి పరీక్షాలయమువారికి చెప్పవలెను.

ఆనాటినుండి నేను నా ప్రశ్నను మార్చుకొంటిని. మందులేమి వాడుచున్నారని యిప్పుడు అడుగను. నోటిలో ఏమేమి వేసికొనుచున్నారని యడుగుచున్నాను. సీసాలు బయటపడుచున్నవి.

మూడవ జాతి సీసాలు విదేశములలో విరివిగా అమ్ముడగుచు, తపాలా మార్గమున మన యిండ్లకును చేరుచున్నవి. అవి థైరాయిడునకు బలమిచ్చునవని చెప్పుకొనును; వానిలో కొన్ని జంతువుల గ్రంథినుండి చేసినవి. 1891లో ఇంగ్లండునందు న్యూకాసిల్ నగర వైద్యుడగు జార్జి మర్రే, థైరాయిడు క్షీణించిన యొక స్త్రీకి గొర్రె థైరాయిడు సారమును సూదిద్వారా ఎక్కించి, ఆమెను ఇరువదియెనిమిదేండ్లు బ్రతికించెను. అది ఆనాటికి మహాద్భుతము. జంతుగ్రంథిలో హార్మోను ఉన్నదని అదే ఋజువు. ఆ సంగతి మరచినవారికి 1984, 85 సంవత్సరములలో అమెరికాలో మరియొక ఋజువు దొరికినది. మిన్నెసోటా, దక్షిణ డకోటా, అయోవా రాష్ట్రములు కలియుచోట 121 మందికి కారణము తెలియని థైరాయిడు విషలక్షణములు కనబడెను. వెదకి చూడగా, కబేళాలో పశువుల కంఠభాగపు మాంసమును కత్తిరించునపుడు గ్రంథియు అందులో కలిసి, కీమాగా వారి భోజనపు బల్లల మీదికి వచ్చినదని తేలినది. వారు తిన్నదియు ప్రకృతిసిద్ధమే. 2013లో ప్రచురితమైన పరిశీలన యొకటిలో, థైరాయిడునకు బలమిచ్చునని చెప్పి అంగళ్ళలో అమ్ము పది సరుకులను పరీక్షింపగా, తొమ్మిదింటిలో టి-3 అను థైరాయిడు హార్మోనును, అయిదింటిలో టి-4, అనగా థైరాక్సిను హార్మోనును ఉన్నట్లు తేలినది. కొన్నింటిలోని మోతాదు వైద్యులు రోగులకు చీటి వ్రాసియిచ్చు మోతాదుతో సరితూగును. చీటి లేకయే చికిత్స, రోగము లేకయే మందు! బరువు తగ్గవలెనని అట్టివి మ్రింగినవారు తగ్గుట నిజమే. కొవ్వుతోపాటు కండయు, ఎముకయు, గుండెబలమును తగ్గును.

ఇక మన యింటి వస్తువగు అశ్వగంధ. తెలుగున దీనిని పెన్నేరు అందురు. ఆయుర్వేదము దీనిని ఆదరించినది; ఆ గౌరవమును తగ్గించుట నా అభిమతము కాదు. నేను చెప్పునది, దానికి నిజముగానే శక్తి కలదనుటయే. థైరాయిడు స్వల్పముగా మందగించిన 50 మందిలో కొందరికి దినమునకు 600 మిల్లీగ్రాముల అశ్వగంధ మూలసారమును ఎనిమిది వారములు ఇచ్చి చూడగా వారి థైరాయిడు హార్మోనులు పెరిగినవని 2018లో మన దేశమునుండి వెలువడిన యొక చిన్న పరిశోధన తెలుపుచున్నది. శుభవార్తయే కదా యందురు. మందగించినవానికి శుభవార్త, సహజముగా నున్నవానికిని, ఇదివరకే మాత్ర వేసికొనువానికిని, గ్రంథి విజృంభించినవానికిని అదే వార్త ప్రమాదసూచన. అశ్వగంధ గుళికలు మ్రింగి గుండెదడతో ఆసుపత్రికి చేరి, మానగానే కుదుటపడినవారిని గూర్చి వైద్యపత్రికలలో నివేదికలున్నవి. పూర్వము వైద్యుడు రోగి నాడిని, ప్రకృతిని, ఋతువును చూచి, పాలతోనో నేతితోనో ఇన్ని దినములని నియమించి పెన్నేరు నిచ్చెడివాడు. నేడు ఆ మూలికను గాఢసారముగా పిండి సీసాలో పోసి, వైద్యుని మాత్రము తీసివేసిరి. ఆయుర్వేదమునందు మనకు నిజముగా భక్తి యున్నచో మూలికతోపాటు వైద్యుని కూడ పిలువవలెను.

కాల్షియము, ఇనుముల సంగతి సులభము. ఇవి గ్రంథిని ముట్టవు. కడుపులో థైరాక్సిను మాత్రను చుట్టుకొని రక్తములోనికి పోనీయవు. గర్భవతియగు నా మేనకోడలు, మరచిపోకుండుటకని, థైరాయిడు మాత్రను, ఇనుపమాత్రను, కాల్షియము బిళ్ళను ఒకే డబ్బాలో పెట్టుకొని, ఉదయమున మూడింటిని ఒకే గ్రుక్కలో మ్రింగెడిది. నెల తిరుగునప్పటికి టి.ఎస్.హెచ్. పెరిగినది, థైరాయిడు మాత్ర మోతాదు పెంచిరి, మరల పెరిగినది. తొలి నెలలలో గర్భస్థశిశువునకు తల్లి థైరాక్సినే ఆధారము గనుక ఇది చిన్న విషయము కాదు. మోతాదు పెంచుట మాని, వేళలు మార్చితిమి: తెల్లవారుజామున థైరాయిడు మాత్ర, మధ్యాహ్న భోజనము తరువాత ఇనుము, రాత్రికి కాల్షియము. నాలుగు గంటల యెడము చాలును. ఇక్కడ తప్పినది తూకము కాదు, కాలము. ఛందస్సులో మాత్ర యనగా ఉచ్చారణ కాలమే యని తెలిసినవారు దీనిని ఇట్టే గ్రహింతురు.

ఇంతదూరము విన్న తరువాత గ్రంథిని చెరచునని వినియున్న క్యాబేజీ మీదను సజ్జల మీదను కొందరు తల్లులకు భయము కలుగవచ్చును. వండిన క్యాబేజీకూర వారమునకు రెండు మూడుమార్లు తిన్నందున, ఇంటిలో అయోడిను ఉప్పు వాడువారికి గ్రంథి చెడదు. వెనుక కాలమున అయోడిను కరవైన ప్రాంతములలో కర్రపెండలమో సజ్జలో తప్ప మరేమియు తినని జనులకు కలిగిన కష్టమును మన సజ్జరొట్టెకు ముడిపెట్టనక్కరలేదు. కూరగాయకు భయపడి సీసాకు భయపడకుండుట తలక్రిందు వివేకము.

సీసామీది మాటలను గూర్చి కూడ ఒక్క మాట. అమెరికాలో 1994లో చేసిన చట్టము ననుసరించి, ఇట్టి సరుకును అంగడిలో పెట్టుటకు ముందు అది సురక్షితమని ప్రభుత్వమునకు ఋజువు చేసి అనుమతి పొందనక్కరలేదు. అక్కడనే 2008లో సెలీనియము కలిపిన యొక ద్రవములో, పైన వ్రాసినదానికి రెండువందల రెట్లు అధికముగా ఆ ధాతువు పడగా, 201 మంది జుట్టు ఊడి, గోళ్ళు చెడి బాధపడిరి. మన దేశమున 2016లో చేసిన నిబంధనలు ఇట్టి పోషకసరుకుల మీద ఔషధముగా వాడుటకు కాదను వాక్యము తప్పక ముద్రింపవలెనని శాసించుచున్నవి. మన ఉపాధ్యాయిని మందు కాదన్నప్పుడు అక్షరాల చట్టము మాటయే చెప్పినది! కాని ఆమె దానిని అభయముగా చదివికొన్నది. అది నిజమునకు హెచ్చరిక. ఔషధమును పరీక్షించినట్లు దీనిని పరీక్షింపలేదని దాని భావము.

కాబట్టి శ్రోతలారా, నేను మిమ్ము అడుగునది పెద్ద వ్రతమేమియు కాదు. నేడు తీరిక దొరికినపుడు మీ గూటిలోని సీసాలనన్నిటిని ఒక సంచిలో వేయుడు. జుట్టు బిళ్ళ, ఎముక బిళ్ళ, కుమారుడు తెచ్చిన బిళ్ళ, పొరుగింటి పిన్నిగారిచ్చిన చూర్ణపు పొట్లము, దేనిని విడువకుడు. ఈసారి వైద్యుని యొద్దకు పోవునపుడు, ఆయన అడిగినను అడుగకున్నను, ఆ సంచిని బల్లమీద బోర్లింపుడు. ప్రతిదానిని చూపి రెండే ప్రశ్నలు వేయుడు: ఇందులో నున్నది ఎంత, నాకు కావలసినది ఎంత? రెండింటికిని సమాధానము దొరకిన సీసా తిరిగి గూటిలోనికి పోవచ్చును. దొరకనిదానికి మరియొక చోటు మీ వీధి చివరనే యున్నది.

ప్రసంగమునకు ముందు మాత్ర వేసికొన్నవారు ఇప్పుడు గడియారము చూచుకొందురు గాక. కాఫీకి ఇంకను కొన్ని నిమిషములు వ్యవధి యుండును. తొందరపడకుడు, ఆ కొన్ని నిమిషములును మాత్రలో భాగమే.